విషాన్ని నీళ్లతోనే కాల్చొచ్చు, కానీ లారీయే చౌకట

2023 జూలై 7న అమెరికా తన దగ్గర మిగిలిన చిట్టచివరి రసాయన ఆయుధాన్ని నాశనం చేసింది. కెంటకీలోని బ్లూ గ్రాస్ ఆర్మీ డిపోలో ఉన్న సారిన్ అనే నరాల విషం నింపిన ఎం55 రాకెట్ అది. 1997లో రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం అమల్లోకి రావడం, 2012 గడువు దాటిపోవడం, మళ్లీ 2023 సెప్టెంబరు అని కొత్త గడువు పెట్టుకోవడం, ఇదంతా వార్తలు చదివేవాళ్లకు తెలిసిన కథే. దాదాపు 30 వేల టన్నుల విషం భూమ్మీద లేకుండా పోయింది. మంచిదే, కాదనేవాళ్లెవరూ లేరు. కానీ బ్లూ గ్రాస్‌లో సారిన్, వీఎక్స్ అనే మరో నరాల విషం నిర్వీర్యం చేశాక మిగిలిన ద్రవం ఏమైందో మాత్రం హెడ్‌లైన్లలోకి ఎక్కలేదు. దాన్ని ట్యాంకర్లకెక్కించి టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్ అనే ఊరికి పంపారు, అక్కడి ప్రైవేటు ప్లాంటు కొలిమిలో తగలబెట్టారు. ఆ ద్రవాన్ని అక్కడికక్కడే పోగొట్టే యంత్రం బ్లూ గ్రాస్‌లోనే ఉంది. కట్టారు, పరీక్షించారు, పక్కన పెట్టేశారు.

ఆ యంత్రం పేరు సూపర్‌క్రిటికల్ వాటర్ ఆక్సిడేషన్. కాలం చెల్లిన సైనిక సరుకును శుభ్రంగా వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి దారి ఈ నలభై ఏళ్లలో నాకు కనిపించలేదు. అది ఓడిపోయింది సైన్స్ దగ్గర కాదు, ఖర్చు లెక్కల దగ్గర. ఆ లెక్కలు వేసినవాళ్ల ఊళ్లో ఆ పొగ లేదు కాబట్టి ఓడిపోయింది.

ముందు అది చేసే పనేంటో చూద్దాం. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో పీడనం రెండు అట్మాస్ఫియర్లు దాటదు, వేడి 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అదే నీటిని 374 డిగ్రీలు, దాదాపు 218 అట్మాస్ఫియర్లు దాటించారనుకోండి, అది ద్రవమూ కాదు, ఆవిరీ కాదు, రెండు గుణాలూ ఉన్న వేరే సరుకైపోతుంది. దాని స్వభావమే తిరగబడుతుంది. మామూలు నీళ్లలో నూనె కలవదు, ఉప్పు కరుగుతుంది. ఈ నీళ్లలో నూనె కలిసిపోతుంది, ఉప్పు కరగకుండా బయటపడుతుంది. ఆక్సిజన్ కూడా ఎంత కావాలంటే అంత ఇమిడిపోతుంది. అంటే విషం, ఆక్సిజన్, నీరు, మూడూ ఒకే ముద్దగా కలిసి 600 డిగ్రీల చుట్టుపక్కల నిమిషం లోపే పని ముగిసిపోతుంది. కార్బన్ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ నీరవుతుంది, నైట్రోజన్ చాలావరకు నైట్రోజన్‌గానే పోతుంది, ఫాస్ఫరస్, సల్ఫర్, ఫ్లోరిన్ లాంటివి క్షారం తగిలితే లవణాలుగా దిగుతాయి. మంట లేదు, పెద్ద చిమ్నీ లేదు. కొలిమిలో 1,000 డిగ్రీలకు పైన పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్ల బెడద దాదాపు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, అంతా మూసిన గొట్టంలో జరుగుతుంది కాబట్టి బయటికొచ్చిన నీటిని ట్యాంకులో నిలబెట్టి, పరీక్షించి, బాగాలేకపోతే మళ్లీ లోపలికి పంపొచ్చు. చిమ్నీలోంచి వెళ్లిపోయిన పొగను వెనక్కి పిలవలేం కదా. నాకు ఈ టెక్నాలజీ నచ్చడానికి ఈ ఒక్క కారణం చాలు, మిగతావన్నీ బోనస్.

ఇదేమీ నిన్నమొన్నటి కల కూడా కాదు. ఎంఐటీలో మైకేల్ మోడెల్ 1980ల మొదట్లోనే దీనికి పేటెంట్లు తీసుకున్నాడు. లోపలికి పంపే సరుకులో కాలే పదార్థం తగినంత ఉంటే ఒకసారి వేడెక్కాక రియాక్షన్ తన వేడితో తానే నడుస్తుంది.

మరి కెంటకీలో ఏం జరిగింది? 1980ల మధ్యలో సైన్యం అక్కడ భస్మీకరణ ప్లాంటు పెడతానంది. బ్లూ గ్రాస్‌లో ఉన్నది 523 అమెరికన్ టన్నుల విషం, చుట్టూ జనం, స్కూళ్లు. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన క్రెయిగ్ విలియమ్స్ అనే స్థానికుడు ఊరివాళ్లను కూడగట్టి, 'కాల్చొద్దు, వేరే దారి చూడండి' అని ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. 2006లో ఆయనకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ఆ ఒత్తిడికే అమెరికా కాంగ్రెస్ 1990ల్లో కాల్చకుండా పోగొట్టే పద్ధతులు వెతకమని ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. 2003లో బ్లూ గ్రాస్‌కు ఎంపికైన పద్ధతి: ముందు క్షారంతో విషాన్ని విరగ్గొట్టడం, తర్వాత మిగిలిన ద్రవాన్ని సూపర్‌క్రిటికల్ నీటిలో పూర్తిగా పోగొట్టడం. జనం పోరాడి గెలిచిన టెక్నాలజీ ఇది. అలాంటి టెక్నాలజీలు చరిత్రలో ఎన్నో లేవు.

కట్టి చూస్తే తుప్పు సమస్య, ఉప్పు గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోయే సమస్య వచ్చాయి. ఈలోపు గడువు తరుముకొస్తోంది. చివరికి రెండో మెట్టును పూర్తిగా తీసేసి ద్రవాన్ని బయటికి పంపేశారు. కాల్చొద్దని కెంటకీ వాళ్లు ముప్పై ఏళ్లు కొట్లాడితే, సరుకు 1,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వేరేవాళ్ల ఊళ్లో కాలింది.

ఒక్కసారైతే 'పోనీలే, ఏదో అలా జరిగింది' అనుకోవచ్చు. ఇది రెండోసారి. ఇండియానా రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో 1,269 అమెరికన్ టన్నుల వీఎక్స్ ఉండేది. అక్కడా మొదటి ప్లాన్‌లో సూపర్‌క్రిటికల్ నీటి యంత్రమే ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, టెర్రరిస్టుల చేతికి చిక్కకముందే త్వరగా తేల్చేయాలన్న టెన్షన్‌లో ఆ మెట్టు ఎత్తేశారు. మరి ద్రవాన్ని ఎక్కడికి పంపాలి? ఒహాయోలోని డేటన్‌కు అనుకున్నారు, అక్కడివాళ్లు అడ్డం తిరిగారు. న్యూజెర్సీలో శుద్ధి చేసి డెలావేర్ నదిలో వదులుదామనుకున్నారు, ఆ చుట్టుపక్కల రాష్ట్రాలు ఒప్పుకోలేదు. 2007లో దొరికిన ఊరు ఏదో తెలుసా? పోర్ట్ ఆర్థరే. దాదాపు 18 లక్షల గ్యాలన్లు రోడ్డు మీద అక్కడికెళ్లాయి. కోర్టుకెళ్లినా ఆగలేదు.

పోర్ట్ ఆర్థర్ అంటే రిఫైనరీల ఊరు, అమెరికాలోనే అతిపెద్ద రిఫైనరీల్లో ఒకటి అక్కడే ఉంది. రిఫైనరీ గోడలకు ఆనుకుని ఉండే పడమటి పేటలో ఎక్కువమంది నల్లజాతి పేదలు. ఆ పేటలో పుట్టి పెరిగిన హిల్టన్ కెల్లీ ఈ కాలుష్యం మీద పోరాడినందుకు 2011లో అదే గోల్డ్‌మన్ బహుమతి అందుకున్నాడు. ఇది నాకు చాలా చేదుగా ఉంటుంది. విషం బయల్దేరిన చోట దాన్ని కాల్చొద్దన్నవాడికీ, విషం వచ్చిపడ్డ చోట పొగ పీల్చలేమన్నవాడికీ ఒకే బహుమతి. బహుమతులు ఇద్దరికీ వచ్చాయి, లారీలు మాత్రం ఒకవైపే వెళ్లాయి.

అవతలివాళ్ల మాట కూడా చెప్పాలి. ఆ ద్రవంలో నరాల విషం లేదు, అది డ్రైనేజీ పైపులు క్లీన్ చేసే ద్రావణం లాంటిదే, లైసెన్సున్న ప్లాంటులో కాల్చడం చట్టబద్ధం అని అమెరికా సైన్యం మొదటి నుంచీ అంటోంది. యంత్రం తరచూ ఆగిపోతే నిర్వీర్యం చేసే పని మొత్తం ఆగిపోతుంది, నిల్వ ఉన్న రాకెట్లు లీకవుతున్నప్పుడు ఆలస్యమే పెద్ద ప్రమాదం అని కూడా అంటారు. తుప్పు సంగతి నిజమే. క్లోరిన్, ఫ్లోరిన్, ఫాస్ఫరస్ ఉన్న సరుకును ఆ వేడిలో, ఆ పీడనంలో తోస్తే టైటానియం తొడుగు కూడా అరుగుతుంది. ఇవన్నీ అబద్ధాలని నేననను.

కానీ ఒకటి అడుగుతాను. తుప్పు పడుతుందని 1990ల్లో తెలియదా? తెలుసు. లోపలి తొడుగును ఎప్పటికప్పుడు మార్చేలా పెట్టారు, ఉప్పును నీళ్లతో కడిగేసే పద్ధతులు పెట్టారు. అంటే ఇది అరిగిపోయే భాగాన్ని మార్చుకుంటూ నడపాల్సిన యంత్రం. యుద్ధ విమానం ఇంజన్‌ను ఎన్నిసార్లు విప్పి బిగిస్తారు? గంట ఎగరడానికి ఎన్ని గంటల మెయింటెనెన్స్ చేస్తారు? అక్కడ ఎవరూ 'అరిగిపోతోంది కాబట్టి విమానం వద్దు, ఎడ్లబండి చాలు' అనరు. చంపే యంత్రానికి ఓపిక ఉంటుంది, శుభ్రం చేసే యంత్రం ఒక్కసారి మొరాయిస్తే ఫైలు మూసేస్తారు.

పైగా అదే అమెరికా, అదే రక్షణ శాఖ, ఇప్పుడు అదే యంత్రం దగ్గరికి వేరే సరుకుతో తిరిగొస్తోంది. సైనిక విమానాశ్రయాల్లో, యుద్ధ నౌకల్లో చమురు మంటలు ఆర్పడానికి వాడే నురగ ఉంటుంది, ఏఎఫ్ఎఫ్ఎఫ్ అంటారు. దాంట్లో పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి, వీటికే 'శాశ్వత రసాయనాలు' అని పేరు. దశాబ్దాల పాటు ట్రైనింగు పేరుతో నేల మీద పోసి పోసి అమెరికాలో వందల స్థావరాల చుట్టూ భూగర్భ జలాలు పాడయ్యాయి. 2020 రక్షణ చట్టంలో ఈ నురగను 2024 అక్టోబరు నాటికి ఆపేయాలని రాసుకున్నారు, పొడిగింపులకు వీలు కూడా పెట్టుకున్నారనుకోండి. మిగిలిన నురగను ఏం చేయాలి? మొదట పాత అలవాటే. కొంత సరుకు న్యూయార్క్ రాష్ట్రంలోని కోహోస్ అనే ఊళ్లో ఒక ప్లాంటుకెళ్లింది, దాని పక్కనే ప్రభుత్వం పేదలకు కట్టిన ఇళ్లుండేవి. ఊరు గోల చేసింది, 2020లో అక్కడ ఆ నురగ కాల్చడాన్ని చట్టం చేసి ఆపారు. 2022లో రక్షణ శాఖ నురగ కాల్చడాన్ని తాత్కాలికంగా నిలిపేసింది. ఎందుకంటే కార్బన్, ఫ్లోరిన్ మధ్య బంధం మామూలు మంటకు లొంగదు, సగం సగం విరిగి గాల్లో ఏమై తేలుతుందో కొలవడం కష్టం.

సూపర్‌క్రిటికల్ నీటికి ఆ బంధం లొంగుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మూడు కంపెనీల యంత్రాలతో ఈ నురగ మీద చేయించిన పరీక్షల్లో, కొలిచిన పీఫాస్ 99 శాతానికి పైగా పోయింది. ఫ్లోరిన్ చివరికి ఫ్లోరైడ్ లవణంగా దిగుతుంది. బాటెల్, జనరల్ అటామిక్స్ లాంటి సంస్థలు ఇప్పుడు ఈ యంత్రాలు తయారుచేస్తున్నాయి. 374 వాటర్ అని ఇంకో కంపెనీ ఉంది, నీటి స్వభావం తిరగబడే ఆ 374 డిగ్రీలనే పేరుగా పెట్టుకుంది. న్యూపోర్ట్‌లో పనికిరానిది, బ్లూ గ్రాస్‌లో మూలన పడింది, నురగ దగ్గరికొచ్చేసరికి పనికొచ్చిందంటే మధ్యలో భౌతిక శాస్త్రం మారలేదు, నీళ్లు అవే నీళ్లు. నురగ తాగునీళ్లలో కలిసింది, కోర్టు కేసులు పడ్డాయి, బయటికి పంపే దారి మూసుకుపోయింది. దారి మూస్తేనే యంత్రం గుర్తొస్తుంది.

పాత మందుగుండు సంగతి ఇంకా ఘోరం. తుపాకీ మందులో ఉండే నైట్రోసెల్యులోజ్ ఊరికే కూర్చోదు, నెమ్మదిగా విడిపోతూ ఉంటుంది. ఆ విడిపోవడంలో పుట్టే వాయువులను పీల్చుకోవడానికి డైఫినైలమీన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది అయిపోతుంది. అయిపోయాక మందు దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. అంటే డిపోలో మూలన పెట్టిన పాత మందు ఖాళీగా లేదు, టైము లెక్కపెట్టుకుంటోంది. ప్రపంచంలో చాలాచోట్ల దీన్ని వదిలించుకునే పద్ధతి ఒకటే: గుంత తవ్వు, పోగెయ్యి, తగలబెట్టు, లేకపోతే పేల్చెయ్యి. అమెరికాలోని లూసియానాలో క్యాంప్ మిండెన్ దగ్గర 2012లో ఒక బంకర్ పేలింది. తర్వాత చూస్తే కాంట్రాక్టరు వదిలేసిన దాదాపు 7,000 టన్నుల ఎం6 అనే ఫిరంగి మందు బయటపడింది. దాన్ని బహిరంగంగా కాల్చేస్తామన్నారు. జనం ఒప్పుకోకపోతే మూసిన గదిలో కాల్చి పొగను శుద్ధి చేసే ప్లాంటు తెచ్చారు, 2017కల్లా పని అయిపోయింది. అప్పటిదాకా 'వేరే దారి లేదు' అన్నవాళ్లకే దారి దొరికింది.

ఇక్కడ నీళ్లే కాదు, సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ కూడా పనికొస్తుంది. అది 31 డిగ్రీలకే, 74 బార్ పీడనానికే ఆ స్థితికొస్తుంది. కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీయడానికి ఫ్యాక్టరీల్లో వాడేది ఇదే. ఇంత తక్కువ వేడిలో పని జరుగుతుంది కాబట్టి పాత మందులోంచి టీఎన్‌టీ, మందును మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ లాంటివాటిని కరిగించి బయటికి తీసే పద్ధతుల మీద ప్రయోగాలు జరిగాయి. పీడనం తగ్గించగానే వాయువు వాయువుగా వెళ్లిపోతుంది, సరుకు విడిగా మిగులుతుంది, మళ్లీ వాడుకోవచ్చు. ఇది ఇంకా ప్రయోగశాల దగ్గర్లోనే ఉంది, నీళ్ల యంత్రమంత ముదరలేదు. దాని గురించి ఎక్కువ ఊదరగొట్టను.

మన దగ్గరికొద్దాం. మహారాష్ట్రలోని పుల్‌గావ్ కేంద్ర ఆయుధ డిపోలో 2016 మే 31 తెల్లవారుజామున మంటలు లేచి 15 మందికి పైగా చనిపోయారు, అగ్నిమాపక సిబ్బందే ఎక్కువ. లోపమున్న ట్యాంకు మందుపాతరల్లోంచి టీఎన్‌టీ కారడం గురించి అప్పుడు చాలా చర్చ జరిగింది. 2018 నవంబరు 20న అదే డిపోకు చెందిన స్థలంలో, పారేయడానికి తెచ్చిన పాత మందుగుండు దించుతుంటే పేలి ఆరుగురు పోయారు. వాళ్లలో ఎక్కువమంది సైనికులు కాదు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలికొచ్చినవాళ్లు. అల్బేనియాలో గెర్డెక్ అనే ఊళ్లో 2008 మార్చిలో పాత మందుగుండు విప్పే చోట పేలుడు జరిగి 26 మంది చనిపోయారు, అక్కడా పనికొచ్చింది పల్లె జనమే. ఒకవైపు పోర్ట్ ఆర్థర్, ఇంకోవైపు గెర్డెక్, మధ్యలో పుల్‌గావ్. ఆయుధం తయారైనప్పుడు ఇంజనీర్లు, డాక్టరేట్లు, ప్రధానుల ట్వీట్లు. ఆయుధం ముసలిదయ్యాక దాని చుట్టూ ఉండేది దినకూలీ.

నా అసలు కోపం సైన్యం మీద మాత్రమే కాదు. మన దేశంలో 'శుద్ధి' అంటే ఎప్పుడూ తరలింపే. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో 40 ఏళ్లు పడున్న 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరి మొదట్లో 12 కంటైనర్లలో ఇండోర్ దగ్గరి పీతంపూర్‌కు తీసుకెళ్లారు. పీతంపూర్ రోడ్డెక్కింది, ఇద్దరు ఒంటికి నిప్పంటించుకునే దాకా పోయింది. అయినా జూన్ చివరికల్లా కాల్చేశారు. కాల్చాక మిగిలిన బూడిద, సున్నం అదీ కలపడం వల్ల, 800 టన్నులకు పైగా తేలింది. భోపాల్ 'శుభ్రమైంది' అని వార్తలొచ్చాయి. బరువు రెట్టింపై వేరే ఊళ్లో కూర్చుంది.

మన హైదరాబాదేం తక్కువ తినలేదు. పటాన్‌చెరు, బొల్లారం మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల గొడవ 1990 నుంచి కోర్టుల్లో నలిగింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కనిపించింది. శుద్ధి చేశాక అది! దానికి మనం కనిపెట్టిన పరిష్కారం ఏమిటి? అంబర్‌పేట దాకా పైపులైను. పటాన్‌చెరు వాసన తగ్గితే మూసీకి పెరిగింది. ఘాటైన ద్రావకాలు, విరగని మందుల అణువులు, సాంద్రత ఎక్కువున్న వ్యర్థం, సూపర్‌క్రిటికల్ నీటికి అచ్చంగా కావాల్సిన మేత ఇదే. బల్క్ డ్రగ్ రాజధాని అని చెప్పుకునే నగరంలో ఈ పద్ధతి మీద ఎప్పుడైనా సీరియస్‌గా మాట్లాడుకున్నామా?

మళ్లీ ఆయుధాల దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టగల డబ్బు, మూసిన గేట్లు, క్రమశిక్షణ ఉన్నది రక్షణ శాఖకే. భారత్ డైనమిక్స్ క్షిపణులు కంచన్‌బాగ్‌లో, భానూరులో, విశాఖలో తయారవుతున్నాయి. ప్రతి క్షిపణికీ ఎక్స్‌పైరీ ఉంటుంది. ఇవాళ మనం గర్వంగా ఎగరేసే ప్రతి మోటారులోని ఘన ఇంధనం రేపు ఎవరో ఒకరు వదిలించుకోవాల్సిన సరుకే. కొనుగోలు ఒప్పందంలో దాని అంత్యక్రియల ఖర్చు కూడా ఒక లైనుగా ఉండాలి. ఆ లైను లేకపోతే చివర్లో ఏమవుతుందో చూశాం: గుంత, అగ్గిపుల్ల, కాంట్రాక్టరు.

ఎవరైనా 'మనకంత టెక్నాలజీ ఎక్కడిది' అంటే నవ్వొస్తుంది. దాదాపు 250 బార్ పీడనంలో 560 డిగ్రీలు దాటిన ఆవిరితో నడిచే సూపర్‌క్రిటికల్ బాయిలర్లు మన థర్మల్ ప్లాంట్లలో ఇప్పటికే తిరుగుతున్నాయి, కృష్ణపట్నంలో 800 మెగావాట్ల యూనిట్లు ఆ రకమే. కరెంటు కోసం మచ్చిక చేసుకున్న నీళ్లనే విషం కోసం వాడాలి. తేడా తుప్పు దగ్గర వస్తుంది, టైటానియంతో, నికెల్ మిశ్రమ లోహాలతో పనిచేయడం ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధానీ ఉన్న హైదరాబాదుకు కొత్త కాదు. పుణెలో పేలుడు పదార్థాల మీదే పనిచేసే డీఆర్‌డీవో ప్రయోగశాల హెచ్ఈఎంఆర్ఎల్ ఉంది. ముక్కలన్నీ ఉన్నాయి, కలిపి కూర్చోబెట్టే ఆర్డరు లేదు.

మొదలు మందుగుండుతో వద్దు. గడువు తీరిన మంటలార్పే నురగతో మొదలెట్టమనండి. అది ముందే ద్రవం, పేలదు, పంపుతో తోయొచ్చు. ఒక చిన్న యూనిట్, నౌకాదళ స్థావరం ప్రహరీ లోపలే. బయటికొచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, మిగిలిన పీఫాస్ ఎంత, యంత్రం నెలలో ఎన్ని రోజులు ఆగింది, ఈ మూడు అంకెలు పక్క ఊరి పంచాయతీ ఆఫీసులో కాగితం మీద అంటించాలి. రక్షణ రహస్యం అంటారేమో. రాడార్ రేంజి అయితే రహస్యం, ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎంతో చెప్పడానికి రహస్యం ఏముంటుంది?